చెబితేనే కడగాలి

తోడికోడళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు, ఒకే ల్యాబ్‌లో పనిచేసేవారు. పెద్దామె పద్దెనిమిదేళ్ళుగా అక్కడ టెక్నీషియన్. చిన్నామె మూడేళ్ళ కిందట పరిశోధకురాలిగా చేరింది. ఇంట్లో "అక్కా" అనేది. ల్యాబ్ గుమ్మం దాటితే "ఏమండీ" అనేది. చుట్టాలొస్తే అత్తగారు ఇద్దరినీ ఒకే తీరులో పరిచయం చేసేది: "చిన్నది సైంటిస్టు. పెద్దది అక్కడే సీసాలు కడుగుతుంది."

అబద్ధమేమీ కాదు, సీసాలూ కడిగేది. ప్లేట్లలో మలేరియా పరాన్నజీవులను కూడా పెంచేది. అవి బతకాలంటే మనిషి ఎర్ర రక్తకణాలు కావాలి. ఆమెది 'ఓ' గ్రూపు కనుక నెలకోసారి చెయ్యి చాచి తన రక్తమే ఇచ్చేది. "నా రక్తం తాగేవాళ్ళు ఇంట్లో చాలరని ఇక్కడ కూడానా!" అని నవ్వేది.

రక్తకణంలో దూరిన ఒక్క పరాన్నజీవి రెండు రోజుల్లో పదహారో ఇరవయ్యో అవుతుంది. పిల్లలు ముదిరాక లోపల ఒక సంకేతం పుడుతుంది. కాల్షియం ఒక్కసారిగా పెరుగుతుంది. కణం పగిలి, పిల్లలన్నీ బయటపడి కొత్త కణాల్లోకి దూరతాయి. చిన్నామె పరిశోధన ఆ సంకేతం మీదే. ఒక మందు వేస్తే సంకేతం ఆగిపోతుంది, ముదిరినవన్నీ లోపలే నిలబడతాయి. మందు కడిగేస్తే అరగంటలో అన్నీ ఒకేసారి పగులుతాయి. నాలుగు గంటలు దాటితే మాత్రం కడిగినా ఫలితం ఉండదు, లోపలే చచ్చిపోతాయి.

కిందటి వారం పెద్దామె స్లైడు చూసి, పిల్లలు బాగా ముదిరాయని అరగంట ముందే కడిగేసింది. కణాలు పగలడాన్ని మైక్రోస్కోపు కింద తీస్తే అంత చక్కటి ఫిలిం ఆ ల్యాబ్‌లో ఎప్పుడూ రాలేదు. చిన్నామె ఆ ఫిలిం దాచుకుంది. మర్నాడు అందరి ముందూ పెద్దామెను నిలబెట్టి అడిగింది.

"మిమ్మల్ని ఎవరు కడగమన్నారు?"

"ముదిరిపోయాయి కదా అని..."

"అది మీకెలా తెలుస్తుంది? ఏం చదివారని? ఇకమీదట నేను నోటితో చెబితేనే నా ప్లేట్లు ముట్టుకోవాలి. అర్థమైందా, ఇంకోసారి చెప్పనా?"

"అర్థమైందండీ," అంది పెద్దామె. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ సాయంత్రం కూడా, మర్నాడు ఇద్దరికీ తను కట్టే అన్నం డబ్బాల్లోకి చిన్నామె ఇష్టపడే కూరే తరిగింది.

ఈ రోజు కమిటీ వచ్చింది. ఫిలింను నమ్మలేమన్నారు, కళ్ళెదుట చూపించమన్నారు. చూపిస్తే చిన్నామె ఉద్యోగం ఖాయం, లేకపోతే ఈ నెలాఖరుతో సరి. పది గంటలకు ఆమె మందు వేసి, రెండింటికల్లా వచ్చి కడిగిద్దామనుకుని పక్కనున్న అద్దాల గదిలోకి వెళ్ళింది.

ఒంటిగంటన్నరకు పెద్దామె స్లైడు చూసింది. పండిన సీతాఫలంలో గింజల్లా పిల్లలు నిండుగా ఉన్నాయి. కడిగే ద్రవం వెచ్చబెట్టింది. స్టూలు అద్దం వైపు తిప్పుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది.

గదిలో ప్రశ్నలు తెగలేదు. రెండింటికి ఐదు నిమిషాలుందనగా చిన్నామె లేవబోయింది. కమిటీ పెద్దాయన గొంతు తలుపు సందులోంచి వినిపించింది. "కూర్చోండమ్మా, మీ పురుగులు ఎక్కడికీ పారిపోవులే!" అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి కూర్చుంది.

తర్వాత అద్దంలోంచి పెద్దామెను చూసింది. బల్ల కింద చెయ్యి ఆడించింది. కాసేపాగి, రెండు చేతులూ కడుక్కుంటున్నట్టు రుద్దింది. కళ్ళతో బతిమాలింది.

పెద్దామెకు అంతా కనిపించింది. పెదవుల మీద వేలు వేసి, నోటితో చెప్పమన్నట్టు రెండుసార్లు తట్టింది. ఆ తర్వాత గోడ గడియారం వైపు తిరిగింది.

మూడూ పదికి తలుపు తెరుచుకుంది. చిన్నామె పరుగెత్తుకొచ్చింది. వెనకే కమిటీ.

"కడగలేదా? అక్కా, కడగలేదా?"

ల్యాబ్‌లో అక్కా అనడం అదే మొదటిసారి.

"మీరు చెప్పలేదు కదండీ. ఇప్పుడు కడగమంటారా?"

"కడుగు... కడుగక్కా."

పెద్దామె కడిగింది. చుక్క ఒలకలేదు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, మందు తీసేసి, వెచ్చటి ద్రవం పోసి, మైక్రోస్కోపు కింద పెట్టింది. కాల్షియం పెరిగితే పచ్చగా మెరిసే రంగు కలిపి ఉంది. అందరూ తెర ముందు నిలబడ్డారు. పావుగంట గడిచింది. అరగంట. తెర నల్లగానే ఉంది. ఒక్క కణమూ మెరవలేదు, ఒక్కటీ పగలలేదు. పిల్లలన్నీ నిండుగా, వరసగా, లోపలే ఉండిపోయాయి.

"ఇంకో పది నిమిషాలు," అంది చిన్నామె.

"ఎన్ని నిమిషాలమ్మా ఇంకా?" అని పెద్దాయన కళ్ళజోడు జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం చిన్నామె గదిలోంచి బయటికి రాలేదు. అత్తగారు వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించింది. "ఏమైందే? నువ్వేమైనా చేశావా?"

"నేనేం చెయ్యలేదత్తయ్యా. చెప్పినట్టే విన్నాను."

చిన్నామె మధ్యాహ్నం డబ్బా మూత కూడా తీయలేదు. పెద్దామె కూర పారబోసి, డబ్బాను పసుపు మరక కూడా లేకుండా తోమి, కడిగి, తుడిచింది. ఒకటో తారీఖు నుంచి కట్టాల్సింది ఒక్క డబ్బానే. స్టూలెక్కి రెండోదాన్ని అటక మీద వెనక్కి నెట్టేసింది.