కొవ్వూరు బస్సులో ఆడవాళ్ళ సీటు

"ఎప్పుడో చచ్చిపోయిన రాజుల కోసం, బతికున్నవాళ్ళకి చల్లారిన ఉప్మా పెడతావా?" అన్నాడు సత్యప్రసాద్, పేపర్లోంచి తలెత్తకుండానే.

భార్య వెంకటదుర్గ పుస్తకాలు సంచిలో సర్దుకుంది. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఓపెన్ యూనివర్సిటీలో బి.ఏ. చరిత్రకి కట్టింది. ఆదివారం క్లాసుకి రాజమండ్రి వెళ్ళాలంటే మధ్యాహ్నం వంట కూడా ముందే ముగించి, అత్తగారికి నీళ్ళు కాచి, మొగుడి బట్టలు ఉతికి ఆరేసి, అప్పుడు గడప దాటాలి. వేంగి చాళుక్యులు ఎప్పుడో అయిపోయారు. ఇవాళ్టి పాఠం అమెరికాలో నల్లవాళ్ళ హక్కుల పోరాటం.

బస్సు కిక్కిరిసి ఉంది. పొద్దున్నించీ నిలబడే ఉన్న కాళ్ళు పీకుతున్నాయి. ఆడవాళ్ళ సీటు చివర, కాళ్ళ దగ్గర తట్ట పెట్టుకుని పాపాయి కూర్చునుంది. వాళ్ళ వీధిలో చేపలమ్మే మనిషే, ఇంచుమించు అత్తగారి ఈడు.

"ఏయ్, లెగు. మేడంగారు కూర్చుంటారు," అన్నాడు కండక్టరు.

పాపాయి తట్ట లాక్కుని మెట్ల దగ్గరికెళ్ళి నిలబడింది. వెంకటదుర్గ కూర్చుంది. ఆలోచించనైనా లేదు. కాళ్ళకి దొరికిన సుఖానికి కాసేపు కళ్ళు కూడా మూసుకుంది.

బ్రిడ్జి మీద పుస్తకం తెరిచింది. పని నుంచి ఇంటికెళ్తున్న ఒక నల్లజాతి స్త్రీ, డ్రైవరు లెమ్మన్నా తెల్లవాడి కోసం బస్సులో సీటు వదలనంది. అక్కడ ఆగిపోయింది. చెవులు భగ్గుమన్నాయి. ఏ కాలం చదివినా ఇన్నాళ్ళూ అణిగినవాళ్ళ వైపే తనని నిలబెట్టుకుంది. ఉప్మా మాటలూ, అత్తగారి విసుర్లూ అందుకు సాక్ష్యాలనుకుంది. మరి ఈ పేజీలో తనెవరు? లెగమన్నది తను కాదు, కండక్టరు. కానీ పుస్తకంలోనూ లెగమన్నది డ్రైవరే.

చటుక్కున లేచింది. "ఇలా వచ్చి కూర్చో, పాపాయీ." పాపాయి కదిలేలోపే సఫారీ డ్రెస్సులో ఉన్న ఒకాయన సీట్లో చతికిలబడ్డాడు.

"మీరెందుకు లెగిశారండీ? ఇప్పుడు మనిద్దరికీ లేదు," అని నవ్వింది పాపాయి. ఆ నవ్వు వెంకటదుర్గకి వారమంతా గుచ్చుకుంటూనే ఉంది.

పై ఆదివారం బస్సెక్కేసరికి ఆడవాళ్ళ సీట్లో ఇద్దరి చోటు ఖాళీ. దానిమీద చెయ్యేసి, ఎవర్నీ కూర్చోనివ్వకుండా పాపాయి నిలబడి ఉంది.

"మీ కోసం ఆపానండి."

చెంప మీద కొట్టినా అంత సిగ్గయ్యేది కాదు. "మీరూ కూర్చోండి," అంది, మొదటిసారి ఆవిణ్ణి మీరని.

పాపాయి కండక్టరు వైపు చూసింది. వెంకటదుర్గా అటే చూసింది. నోరు విప్పేముందు రోజూ మొగుడి మొహంలోకి చూసే చూపది. అది తెలిసి మరోసారి తల వాలిపోయింది.

అటు చూడ్డం మానేసి వంగింది. తడి కారుతున్న చేపల తట్టని తన చీర కుచ్చిళ్ళ పక్కకి లాక్కుంది.

"కూర్చోండి. మీరు కూర్చుంటేగానీ నేను కూర్చోను."