అమర్‌నాథ్ చెప్పకుండా వెళ్లిపోయిన ఆదివారం

నవనీత వికారాబాద్‌లో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. నెలకు ఒక ఆదివారం మాత్రం వేరే పని. పాతిక, ముప్పై ఏళ్ల లోపు వాళ్లు కలిసి పెట్టుకున్న నడక క్లబ్బుకు ఆమె లీడర్. జీతం లేదు, ఇష్టం కొద్దీ చేస్తుంది. ముందు ఆమె నడుస్తుంది, అందరికంటే వెనక పరమేశ్ వస్తాడు. పరమేశ్‌ది పూడూరు దగ్గర గొర్రెలు కాసే కుటుంబం. ఇప్పుడు టౌన్లో ఫోన్లు బాగుచేస్తాడు. ఎవరూ వెనకబడి తప్పిపోకుండా చూడటం అతని బాధ్యత.

ఆగస్టులో ఆ ఆదివారం వాళ్లిద్దరూ కాక పద్దెనిమిది మంది వచ్చారు. అనంతగిరి అడవిలోంచి కోట్‌పల్లి ప్రాజెక్టు వైపు దిగాలి. వాళ్లలో అమర్‌నాథ్ కొత్తవాడు. తాండూరులో పైపులు, మోటార్లు అమ్మే దుకాణం వాళ్లది. పొద్దున రైలుకు ఒక్కడే వచ్చాడు. భారీ మనిషి. మొదటి గుట్ట ఎక్కేసరికే చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. రెండుసార్లు ఆగాడు. రెండుసార్లూ నవనీత పైనుంచి వెనక్కి చూసి గడియారం చూసుకుంది.

సగం దూరంలో కాలిదారి తారురోడ్డును దాటుతుంది. అక్కడ పది నిమిషాలు ఆగారు. భవ్యశ్రీ అనే అమ్మాయి బూటు అడుగు ఊడిపోతే పరమేశ్ కూర్చుని తాడుతో కట్టాడు. అందరూ లేచాక నవనీత వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. పద్దెనిమిది. కదిలారు.

పన్నెండున్నరకు ప్రాజెక్టు కట్ట మీద మళ్లీ లెక్కపెడితే పదిహేడు వచ్చింది. చివరివాడు పరమేశ్‌తో వస్తున్నాడనుకుంది. పరమేశ్ ఒక్కడే వచ్చాడు.

"అమర్‌నాథ్ అన్న ఏడి?" అంది.

"నా వెనక ఎవ్వరు లేరు." పరమేశ్ అందరి వంకా చూశాడు. "రోడ్డు కాడ ఎంతమందిని లెక్కవెట్టినవ్?"

"పద్దెనిమిది."

"నన్ను కూడ లెక్కవెట్టినవా?"

నవనీత ఆ లెక్కను గుర్తుచేసుకుంది. బూటు కట్టి లేచిన పరమేశ్‌ను కూడా వేలితో చూపించింది నిజమే.

అమర్‌నాథ్ ఫోన్ స్విచాఫ్. మిగతావాళ్లను కట్ట మీద ఉండమని చెప్పి ఇద్దరూ వెనక్కి నడిచారు. వాన మొదలైంది. పరమేశ్ ప్రతి మలుపులో పేరు పెట్టి అరిచాడు. ఒకచోట కిందికి జారిన గుర్తులా కనిపిస్తే వాగులోకి దిగి, రాయి జారి మోకాలు చీరుకున్నాడు. రక్తం కారుతుంటే కర్చీఫ్ కట్టుకుని మళ్లీ నడిచాడు.

"వాళ్లింటికి ఫోన్ చెయ్యి, నవనీత. పేర్లు రాసుకున్న కాగితంల నంబర్ ఉన్నదిగద."

"జర ఆగు. దొరికితే వాళ్లమ్మను పరేషాన్ చేసుడెందుకు?"

అసలు కారణం అది కాదని ఆమెకు తెలుసు. ఫోన్ చేస్తే, మీ కొడుకును పోగొట్టాను అని తన నోటితో చెప్పాలి. అందుకే ఇంకో గంట అడవిలో తిరిగింది, అతన్నీ తిప్పింది. రెండున్నరకు నంబరు నొక్కింది. అమర్‌నాథ్ తల్లి ఇందిరమ్మ ఎత్తింది.

"మా అమరా? ఇగో, అన్నం తింటున్నడు. ఫోన్ల చార్జింగ్ లేదంట. ఎవరు బిడ్డా నువ్వు?"

"ఏం లేదమ్మా. చేరిండా లేదా అని చేసిన," అని పెట్టేసి, నవనీత తడి నేల మీదే కూర్చుంది. ముందు ఏడుపు వచ్చింది. ఆ తర్వాత వచ్చిన కోపం మూడు రోజులైనా తగ్గలేదు.

బుధవారం సాయంత్రం రైలెక్కి తాండూరు వెళ్లింది. దుకాణంలో అమర్‌నాథ్ ఒక రైతుకు మోటారు చూపిస్తున్నాడు. ఆమెను చూడగానే ముఖం మాడ్చుకున్నాడు. రైతు వెళ్లేదాకా ఆగి అడిగింది.

"ఒక్క మాట చెప్పి పోతే ఏమైతుండె అన్నా?"

"ఎవరికి చెప్పాలె మేడం? మీకా?" అతని గొంతు తగ్గింది. "రెండో గుట్ట మీద మీరేమన్నరో యాదికుందా? 'అన్నా, లోడు లారీ లెక్క వస్తున్నవు, జర గేరు మార్చు' అన్నరు. అందరు నవ్విండ్రు. రోడ్డు కాడ మీరంత బూటు దిక్కు చూస్తుంటె బస్సు వచ్చింది. ఎక్కిన."

నవనీతకు ఆ మాట గుర్తులేదు. కానీ అన్నది తనే అని అనుమానం రాలేదు. అలాంటి మాటలు అంటూనే ఉంటుంది. జనం నవ్వితే నడక చురుగ్గా సాగుతుందనుకునేది. రైల్లో కూర్చుకున్న మాటలన్నీ పక్కన పెట్టింది.

"అనే ఉంట. తప్పు నాదే," అంది. "గని నువ్వు చెప్పకుండ పోవుడు గూడ తప్పే. పరమేశ్ రెండు గంటలు వానల నీ పేరు వట్టి ఒర్లిండు. మోకాలికి నాలుగు కుట్లు వడ్డయి."

అమర్‌నాథ్ తెల్లబోయాడు. "నా కోసమా? మా అమ్మ ఏదో ఫోనొచ్చింది అన్నది గంతే."

అక్కడే పరమేశ్ నంబరు తీసుకుని ఫోన్ చేశాడు. పక్కకు వెళ్లి చాలాసేపు మాట్లాడాడు. తిరిగొచ్చి ఆమె కోసం చాయ్ తెప్పించాడు.

తర్వాతి శనివారం క్లబ్బు వాళ్లంతా కూర్చున్నప్పుడు నవనీత జరిగిందంతా చెప్పింది. లెక్క తప్పడం, ఫోన్ చేయడానికి జంకడం, లారీ మాట, ఏదీ దాచలేదు. ఆమెను తీసేయాలని ఇద్దరు గట్టిగా అన్నారు. చివరికి మూడు నెలలు పరమేశ్ ముందు నడవాలని, ఆమె వెనక నడవాలని తేల్చారు. అవమానంగానే అనిపించింది. అయినా సరేనంది.

వెనక నడవడం ఆమె అనుకున్నంత తేలిక కాదు. ముందున్నప్పుడు దారి కనిపించేది. ఇక్కడ మనుషుల మడమలు కనిపిస్తాయి. ఎవరికి బూటు కరుస్తోందో, ఎవరు దాహమైనా అడగలేక నడుస్తున్నారో తెలుస్తుంది.

అక్టోబరులో అమర్‌నాథ్ మళ్లీ వచ్చాడు. అదే దారి. నవనీత అతని వెంటే నడిచింది, తొందరపెట్టలేదు. తారురోడ్డు దగ్గరికి వచ్చాక అతను నిలబడి చెమట తుడుచుకున్నాడు.

"ఇగ నాతోని గాదు. బస్సుకు పోత. చెప్తున్న మేడం."

"మంచిది అన్నా." పరమేశ్‌కు ఫోన్ చేసి, కాసేపు ఆగమని చెప్పి, అతనితో పాటే నిలబడింది. బస్సు ఇరవై నిమిషాలకు గానీ రాలేదు.

"వచ్చే నెల ఎటు?" అని అడిగాడు అమర్‌నాథ్.

"కొడంగల్ దిక్కు. కంది చేన్ల నడుమ."

"గుట్టలు లేవుగద?"

"ఒక్కటి గూడ లేదు."

"అయితే వస్త," అంటూ బస్సెక్కాడు. బస్సు మలుపు తిరిగేదాకా చూసి, నవనీత మిగతావాళ్లను అందుకోవడానికి అడవిలోకి నడిచింది.