గోపన్న బండలు

మా అల్లుడు యేసుప్రసాద్ నాతో ఎదురుపడి మాట్లాడడు. నేనూ ఆయనతో మాట్లాడను. మా ఇళ్ళలో అత్తా అల్లుళ్ళ పద్ధతి అది. ఆయన చెప్పాల్సింది మా కూతురు మహిమతో చెబుతాడు. నేను చెప్పాల్సింది గోడతోనో కోడితోనో చెబుతాను, ఆయన పక్కన నిలబడి వింటాడు. పెళ్ళయిన నాటి నుంచి ఇలాగే నెట్టుకొచ్చాం, ఒక్క మాటా తేడా రాలేదు. ఆయన బండికి కట్టలు వేయించుకొచ్చేదాకా.

ఆయనది కోయిలకుంట్ల. సొంత పికప్ బండి ఉంది, నాపబండలు తోలుతాడు. కాన్పుకని మహిమను కోడుమూరు దగ్గర మా పల్లెకు తెచ్చుకున్నాను. పక్కింటి గోపన్న ఇల్లు కట్టుకుంటూ బండలు మా అల్లుడికే చెప్పాడు. బండలు తోలినట్టూ ఉంటుంది, పెళ్ళాన్ని చూసినట్టూ ఉంటుందని ఆయన సంబరంగా వచ్చాడు. గోపన్న వాకిట్లో బండలు దించేశాక చూస్తే బండి వెనక భాగం ఎత్తుగా లేచి, ముందు భాగం నేలకు వంగి, ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నట్టు నిలబడి ఉంది.

"ఈ బండికేం వచ్చిందో అడగవే," అన్నాను మహిమతో.

"వెనక చక్రాల పైన కమాను కట్టలుంటాయని చెప్పు మీ అమ్మకు. బరువు మోసే ఇనుప పట్టీలు అవి. చాలడం లేదని ఇంకా రెండేసి వేయించినా. ఇప్పుడు ఎంత బరువేసినా కుంగదు," అన్నాడు ఆయన గొప్పగా. తర్వాత నడుము పట్టుకుని, "ఖాళీగా వచ్చేటప్పుడే, ఎగిరెగిరి పడి నడుము ఇరుగుతాండాది," అని గొణిగాడు.

నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. బరువు మోసేటప్పుడు లేని బాధ ఖాళీగా ఉన్నప్పుడు ఎందుకు? బాగు చేయించిన బండి నడుము విరగ్గొట్టడం ఏమిటి? అడగాలంటే మళ్ళీ మహిమను మధ్యలో పెట్టాలి. పోనీలే, ఇనుము గొడవ నాకెందుకని ఊరుకున్నాను.

నా ప్రాణమంతా మహిమ కడుపు మీదే ఉంది. పోయినసారి ఏడో నెలలో ఆటోలో కర్నూలుకు పోతుంటే గుంతల్లో పడి లేచి, దారిలోనే నొప్పులొచ్చి బిడ్డ దక్కలేదు. కుదుపులకే అలా అయిందని ఏ డాక్టరూ చెప్పలేదు. నాకు మాత్రం తెలుసు. అందుకే ఈసారి దాన్ని గడప దాటనివ్వలేదు.

మరుసటి రోజు పొద్దున్నే, నెలలు నిండకుండానే, మహిమకు నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సుకు ఫోన్ చేస్తే ఇంకో ఊరికి పోయింది, వచ్చేసరికి ఆలస్యమవుతుందన్నారు. చూడ్డానికి వచ్చిన ఆరోగ్య కేంద్రం నర్సమ్మ, "కాచుకోకండి, కర్నూలుకు తీసకపోండి. కుదుపులు మాత్రం పడగూడదు," అంది. ఉన్నది ఒక్క పికప్ బండి. నేను పరుపు చుట్టుకుని, దుప్పట్లు తీసుకుని బయటికి పరిగెత్తాను.

బయట మా అల్లుడు గోపన్న వాకిట్లో నుంచి బండలు ఎత్తి మళ్ళీ బండిలో వేస్తున్నాడు!

"ఏమప్పా, నా బండలు యాడికి తీసకపోతాండావు?" అంటున్నాడు గోపన్న.

"మళ్ళీ తెస్తాలేప్పా, పట్టు."

ఎందుకో తెలియకుండానే గోపన్న రెండో వైపు పట్టుకున్నాడు. మనిషి మంచోడు, ఎవరు ఏం పట్టుకోమన్నా పట్టుకుంటాడు. బండలను బండి నిండా పడుకోబెట్టి పరుస్తున్నారు. "పరుపు వీటి మీదేస్తాం," అన్నాడు అల్లుడు గోపన్నతో.

నాకు ఒళ్ళు మండిపోయింది. నొప్పులు పడే బిడ్డను బండల మీద పడుకోబెడతాడా! గోడ వైపు తిరిగి గొంతెత్తాను.

"పెండ్లాము అల్లాడిపోతాంటే బండలు తోలేవాళ్ళను యాడన్నా చూసినారా? నా బిడ్డ బండల మీద పండుకునేదానికి పుట్టిందా?"

ఆయన మహిమ వైపు చూశాడు. అది గడప దగ్గర కళ్ళు గట్టిగా మూసుకుని నర్సమ్మ భుజం పట్టుకుని ఉంది. ఎవరికి చెబుతుంది? ఆయన గోపన్న దగ్గరికి పోయి, "అన్నా, మా అత్తకు చెప్పు, బరువుంటేనే బండి..." అన్నాడు.

"నాకే తెలీదు కదప్పా, ఏం చెప్పమంటావు?" అన్నాడు గోపన్న.

"దించు గోపన్నా!" అని నేను అరిచాను. పాపం, ఎత్తిన బండలను మళ్ళీ ఎత్తి దించాడు. అల్లుడు తల వంచుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. పరుపు వేసి, మహిమను పడుకోబెట్టి, నేనూ నర్సమ్మా చెరో పక్క పట్టుకుని కూర్చున్నాం.

బండి కదిలింది. మా పల్లె నుంచి తారురోడ్డు దాకా మట్టిదారి. మొదటి గుంత దగ్గరే బండి ఎగిరి పడింది. మేము జానెడు పైకి లేచాం. మహిమ కేక పెట్టింది. ఆయన ఎంత మెల్లగా తోలినా రాయి తగిలితే చాలు, వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఎగురుతోంది. నాకు పోయినసారి ఆటో గుర్తొచ్చింది. ప్రభువా, ప్రభువా అనడం తప్ప ఇంకేమీ రాలేదు నోటికి.

మా ఊరి చర్చి మలుపు కూడా దాటలేదు, బండి ఆగింది. యేసుప్రసాద్ దిగి వెనక్కి వచ్చి, సరిగ్గా నా ఎదురుగా నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు. నేను చెంగు మొహం మీదికి లాక్కోబోయాను.

"అత్తా," అన్నాడు. ఆ గొంతు నా వైపు రావడం అదే మొదలు. "ఈ కట్టలు బరువు కోసం వేసినవి. ఖాళీగా ఉంటే అవి వంగవు, మనల్నే ఎగరేస్తాయి. బండలుంటే అణుగుతాయి, బండి కుదురుగా పోతాది. నా మాట ఇను అత్తా. ఈ బిడ్డ నాకు గూడా బిడ్డే గదా."

నిజం చెబుతున్నాను, నాకు అప్పుడూ అర్థం కాలేదు. రాయి వేస్తే మెత్తగా పోవడం ఎక్కడైనా ఉంటుందా? కానీ అంత బిడియస్తుడు పద్ధతి వదిలేసి నా మొహంలోకి చూసి అడిగాడు. బండి దిగి గోపన్న ఇంటి వైపు చూసి కేకేశాను.

"గోపన్నా! బండలు ఎత్తు! ఊళ్ళో మొగోళ్ళందరినీ పిలుచుకుని రా!"

బండి వెనక్కి వచ్చేసరికి జనం పోగయ్యారు. ఎందుకని ఒకరడిగితే ఏమో అని ఇంకొకరు. అయినా మహిమను అరుగు మీదికి దించగానే అందరూ మోశారు. నేనూ ఒక పక్క పట్టాను. బండి మెల్లగా కుంగి, వెనక భాగం దిగి, సమంగా నిలబడింది. బండల మీద వరిగడ్డి, దాని మీద పరుపు, పరుపు మీద నా బిడ్డ.

అదే దారి, అవే గుంతలు. బండి మెల్లగా ఊగుతూ పోయింది. మహిమ కేకలు తగ్గాయి. కర్నూలు చేరేదాకా నేను దాని చెయ్యి వదల్లేదు.

ఆడపిల్ల పుట్టింది. చిన్నదే, కానీ వార్డంతా వినబడేలా ఏడ్చింది. పాపను తండ్రికి ఇవ్వాలంటే మా పద్ధతిలో మధ్యలో ఇంకో మనిషి కావాలి. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. "పట్టుకో నాయనా," అని నేనే ఆయన చేతుల్లో పెట్టాను. అంతంత బండలు మోసే మనిషి పాపను రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ బండలు బండిలోనే ఉన్నాయి. ఎవరు దించమన్నా ఆయన దించలేదు, నేనూ దించనివ్వలేదు. ఇంటికి బయలుదేరుతుంటే ఫోన్ మోగింది. ఆయన ఫోన్ నా చేతికే ఇచ్చి, "గోపన్న ఫోను, అత్తా. మేస్త్రీ వచ్చి కూచున్నాడంట, బండలు యాడ అంటాండాడు. నువ్వే చెప్పు," అన్నాడు.

"వస్తాండాయి గోపన్నా," అన్నాను. "వాటి మీద నా మనమరాలు పండుకొని ఉండాది. మెల్లగా వస్తాం."