సెవెరీనో వదిలేసిన బంతి

ఏం చూశావో చెప్పు. పక్కవాడు చెప్పగా విన్నది వద్దు, నీ కళ్ళతో చూసింది చెప్పు. ఆ ఆదివారం రుఫీనా చక్కెర మిల్లు మైదానంలో బేస్‌బాల్ ఆట దగ్గర నువ్వూ ఉన్నావు. ఊరంతా ఉంది. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండో బేస్ దగ్గర సెవెరీనో కాళ్ళ మధ్య నుంచి బంతి దూరిపోయింది. ఎవర్నడిగినా ఆ కాళ్ళ గురించే చెబుతారు. సరే, కాళ్ళు చూశారు. ఇంకేం చూశారు?

ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు గడిచాయి. ఆ పంతొమ్మిదేళ్ళూ ఆ బంతి ఆగలేదు.

రుఫీనాలో ఆడవాళ్ళు మధ్యాహ్నం కాఫీ పెట్టేది గడియారం చూసి కాదు, ఆ బంతి చూసి. నాలుగింటికి పది నిమిషాలుండగా అది చెరకు తోటలోంచి బయటికొచ్చేది. తూకం కాటా పక్కనుంచి, కూలీల ఇళ్ళ వీధిలోంచి, బావి చుట్టూ తిరిగి, సెవెరీనో ఇంటి గుమ్మం ముందునుంచి మైదానంలోకి పోయేది. రెండో బేస్ దాటి, కుడివైపు గడ్డిలోంచి కంచె కింద దూరి మళ్ళీ చెరకులో కలిసిపోయేది. పరిగెత్తేది కాదు, ఆగేది కాదు. ఎదురైనవాళ్ళు ఎడమ కాలు కాస్త ఎత్తేవాళ్ళు. మాట్లాడేవాళ్ళు మాట ఆపేవాళ్ళు కాదు. ఒకసారి శవయాత్రకి ఎదురొస్తే ఫాదరీ అంగీ అంచు పైకి పట్టుకుని, కాలెత్తి, ప్రార్థన సాగించాడు.

ఎవరూ దాన్ని పట్టుకోబోలేదు. అది సెవెరీనోది. మొదటి ఏడాదంతా అతను రోజూ వెళ్ళి దానికి అడ్డంగా వంగేవాడు. సబ్బుముక్కలా వేళ్ళలోంచి జారిపోయేది. తర్వాత మానేశాడు. ఆ వేళకి ఇంట్లోకెళ్ళి తలుపేసుకోవడం అలవాటు చేసుకున్నాడు.

ఆ ఆట జరిగిన వారమే మిల్లులో సమ్మె కూడా ఓడిపోయింది. ఇరవై మూడు రోజులు చెరకు నరకకుండా, పిల్లలకి ఉడికించిన యూకా దుంప ఒక్కటే పెట్టి నిలబడ్డ మనుషులు, కత్తులు పట్టుకుని తలలు వంచుకుని తోటల్లోకి తిరిగి వెళ్ళారు. ఎవరు లొంగిపోయారు, ఎవరు రహస్యంగా సంతకం పెట్టారు అని అడిగే ఓపిక ఎవరికుంది? అడిగితే అన్నదమ్ములే కొట్టుకుచచ్చేవాళ్ళు. కాళ్ళ మధ్య నుంచి బంతి వదిలినవాడు మాత్రం అందరికీ కనిపించాడు. మొత్తం ఓటమంతా తెచ్చి వాడి నెత్తినే పెట్టారు. ఆ తర్వాత రుఫీనా జట్టు బ్యాటింగ్‌కి వచ్చి ముగ్గురికి ముగ్గురూ ఔటైన సంగతి ఇప్పుడు ఎవరికైనా గుర్తుందా?

ఎవరూ అతన్ని తిట్టలేదులే. తిట్టినా బాగుండేది.

సెవెరీనో మైదానం పనివాడయ్యాడు. చదును చేసేవాడు, సున్నంతో గీతలు గీసేవాడు, ఆట మొదలయ్యేలోపు గీత బయటికి వచ్చేసేవాడు. పెళ్ళి చేసుకోలేదు. మైదానం పక్కన అరటికాయ ముక్కలు వేయించి అమ్మే అక్క నెరేయిదాతో కలిసి ఉండేవాడు.

జట్టు వరుసగా ఆరేళ్ళు అట్టడుగున ఉంది. ఏడో ఏడు కూడా అక్కడే ఉంటే మైదానం దున్ని చెరకు వేస్తామని మిల్లు మేనేజరు నోటీసు అంటించాడు. నరుకుడు అయిపోయాక వచ్చే ఖాళీ నెలల్లో ఆ ఊరి మగవాళ్ళకి ఉన్నది ఆ మైదానం ఒక్కటే. అది కూడా పోతే నీడన కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే మిగులుతుంది.

జట్టుకి ఏం కావాలో మంగలి ఎవరిస్తోకి బాగా తెలుసు. గడ్డం గీయించుకునే ప్రతివాడికీ చెప్పేవాడు.

"కొట్టేవాడు కావాలయ్యా! దున్నపోతులాంటివాడు ఒక్కడు చాలు. కంచె అవతల కొబ్బరిచెట్టుకి తగలాలి దెబ్బ. ఈ ఎముకల గూళ్ళతో ఏమవుతుంది?"

దున్నపోతులాంటివాడు రాలేదు. అరవై ఆరేళ్ళ తిబుర్సియో వచ్చాడు, కోచ్‌గా. బస్సు దిగినప్పుడు చేతిలో ఒక సంచి, నోట్లో రెండు పళ్ళు తక్కువ. ఆ రెండూ సమ్మె రోజుల్లో వేరే మిల్లు దగ్గర పోలీసులు తీసుకున్నారు. నలభై ఏళ్ళు బ్యాట్స్‌మన్ వెనక కూర్చుని బంతులు పట్టిన మనిషి. కుడిచేతి వేళ్ళు అల్లం కొమ్ముల్లా తలో దిక్కూ తిరిగి ఉంటాయి.

మొదటి రోజు అందర్నీ నిలబెట్టి, నేలమీద దొర్లేలా బంతులు కొట్టాడు. రెండో బేస్ దగ్గర నిలబడ్డ విదాల్ ఇరవై ఏళ్ళవాడు, చురుకైనవాడు. బంతి వచ్చింది. వెళ్ళిపోయింది.

"ఏం చూశావురా?" అన్నాడు తిబుర్సియో.

"బంతి, దోన్," అన్నాడు విదాల్ మర్యాదగా.

"తర్వాత?"

"వెళ్ళిపోయింది, దోన్."

"వెళ్ళొస్తానని చెప్పిందా? ఏం, మీ చుట్టమా?"

జట్టంతా నవ్వింది. రెండో బంతి పక్కవాడికి, మూడోది ఇంకొకడికి. అన్నీ వెళ్ళిపోయాయి. ఒకడు ఎండ అన్నాడు, ఒకడు రాయి తగిలిందన్నాడు. ఒకడు అదృష్టం అన్నాడు. అదృష్టం అన్నవాణ్ణి మైదానం చుట్టూ నాలుగుసార్లు పరిగెత్తించాడు.

మర్నాడు సెవెరీనోని పిలిచి, గీతలు కాదు, వాళ్ళు నిలబడేచోటంతా సున్నం చల్లమన్నాడు. నేల తెల్లగా అయింది. మళ్ళీ బంతులు కొట్టాడు. గంట తర్వాత అందర్నీ పిలిచి నేల చూపించాడు. ప్రతివాడు నిలబడ్డచోటా కుడి పాదం గుర్తు లోతుగా దిగి ఉంది. ఎడమ పాదం గుర్తు ఎక్కడా సరిగ్గా లేదు.

"ఇదేంట్రా? కొంగల్ని పట్టుకొచ్చి నిలబెట్టారా ఇక్కడ?"

వాళ్ళకీ తెలియలేదు. ఒకరి కాళ్ళు ఒకరు చూసుకున్నారు. అంతలో నాలుగింటికి పది నిమిషాలయింది. ఊళ్ళోంచి బంతి వచ్చింది. నీళ్ళు తాగుతున్న విదాల్ తాగుతూనే ఎడమ కాలెత్తాడు. జట్టంతా ఎత్తింది. కంచె దగ్గర నెరేయిదా అట్లకాడతో ముక్కలు తిప్పుతూనే ఎత్తింది. బంతి వెళ్ళిపోయింది. కాళ్ళు దిగాయి.

"ఎవరిదది?" అన్నాడు తిబుర్సియో.

"సెవెరీనోది, దోన్."

"ఊఁ," అన్నాడు. నడక నేర్చిన రోజు నుంచీ తప్పుకోవడం ఒక్కటే నేర్చుకున్న పిల్లలు వీళ్ళు. వీళ్ళకి దున్నపోతు దొరికినా ఏం లాభం?

ఆ రోజు సెవెరీనో తలుపేసుకోవడానికి వెళ్ళలేదు. సున్నం మీద ఆ ఒంటి పాదాల గుర్తులు చూస్తూ నిలబడిపోయాడు. తన కాళ్ళ మధ్య నుంచి పోయింది ఒక్క బంతే అనుకున్నాడు ఇన్నేళ్ళూ. బకెట్ అక్కడే పెట్టేసి ఇంటికెళ్ళి మంచమెక్కాడు. మర్నాడూ లేవలేదు.

తిబుర్సియో నెరేయిదా పొయ్యి దగ్గరికెళ్ళి ముక్కాలిపీట లాక్కున్నాడు.

"అమ్మా, ఒకటడుగుతాను. బంతి కాళ్ళ మధ్య నుంచి పోతే వెనకున్నవాడు పట్టాలి. రెండో బేస్ వెనక్కి కుడివైపు గడ్డిలోవాడు పరిగెత్తి రావాలి. అది ఆటలో మొదటి పాఠం. ఆ రోజు వెనక ఎవడున్నాడు?"

నెరేయిదా అట్లకాడ ఆపింది.

"పంతొమ్మిదేళ్ళకి ఒక్కడు అడిగాడు," అంది. "ఎవరిస్తో."

"మంగలా?"

"ఆ మంగలే. అక్కడ లేడు. ఇదిగో, ఈ కంచె దగ్గరున్నాడు. ఆట అయిపోయినట్టే కదా అని ఇటొచ్చి నా పళ్ళెంలో చెయ్యి పెట్టాడు. ఒక్క పరుగు ఆధిక్యంలో ఉన్నాం. అతను వెనక ఉంటే ఒక్కడే పరుగు తీసేవాడు, స్కోరు సమానమయ్యేది. రెండోవాడూ పరుగు తీసింది అతని అరటికాయ ముక్క మూలానే."

"మరి చెప్పలేదే?"

"నేను వాడి అక్కని. తమ్ముణ్ణి వెనకేసుకొస్తోంది ముండ అనేవాళ్ళు. నా పళ్ళెం దగ్గర ఇంకో ఎనిమిది మంది నిలబడి తింటున్నారు. వాళ్ళు చెప్పారా?"

తిబుర్సియో లేచి నేరుగా మంగలి కొట్టుకెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. ఎవరిస్తోకి యాభై రెండేళ్ళు, బాగా పొట్ట. సబ్బు నురగ రాస్తూ మొదలుపెట్టాడు.

"చూశారా దోన్, నే చెప్పలేదూ? కొట్టేవాడు కావాలి. దున్నపోతు..."

"ఎవరిస్తో, ఆ రోజు నువ్వేం చూశావు?"

కత్తి గొంతు మీద ఆగింది. తిబుర్సియో కదల్లేదు. పోలీసుల ముందు కూర్చున్న మనిషికి మంగలి కత్తి ఎంత?

"సెవెరీనో కాళ్ళు," అన్నాడు ఎవరిస్తో చివరికి.

"ఎక్కణ్ణుంచి?"

ఎవరిస్తో కత్తి మడిచి పక్కన పెట్టాడు. సగం గడ్డం గీసి, మిగతా సగం గీయడం మర్చిపోయాడు. తిబుర్సియో అలాగే తువ్వాలుతో తుడుచుకుని బయటికొచ్చేశాడు. ఆ వారమంతా సగం గడ్డంతోనే తిరిగాడు. ఏమైందని అడిగినవాళ్ళకి, "పని మధ్యలో ఉంది," అన్నాడు.

ఆదివారం పాలోమా మిల్లు జట్టుతో చివరి ఆట. గెలిస్తే అడుగునుంచి ఒక మెట్టు పైకి. ఓడితే సోమవారం ట్రాక్టరు. ట్రాక్టరు అప్పటికే తెచ్చి కంచె బయట పెట్టారు. డ్రైవరు దానిమీదే కూర్చుని ఆట చూస్తున్నాడు.

సెవెరీనో ఆ రోజు లేచాడు. గీతలు గీసేవాడు ఇంకొకడు లేడు మరి. గీసి, బకెట్‌తో గీత బయట నిలబడ్డాడు.

తొమ్మిదో ఇన్నింగ్స్ వచ్చేసరికి రుఫీనాకి మూడు పరుగులు, పాలోమాకి రెండు. పాలోమావాళ్ళు ఇద్దరు ఔట్, ఇంకొక్కడు ఔటైతే ఆట రుఫీనాదే. మూడో బేస్ మీద ఒకడు, రెండో బేస్ మీద ఒకడు. పంతొమ్మిదేళ్ళ కిందటా ఇదే లెక్క, ఇదే చోటు. అప్పుడు నాలుగింటికి పది నిమిషాలయింది. అంపైరు అలవాటుగా రెండు చేతులూ ఎత్తి ఆట ఆపాడు. తను కూడా కాలెత్తాడు.

బంతి వచ్చింది. విదాల్ ఎడమ కాలెత్తాడు. బంతి అతన్ని దాటి కుడివైపు గడ్డిలోకి వెళ్ళింది.

కంచె దగ్గర ఏదో విరిగిన చప్పుడు. ఎవరిస్తో కంచె తోసుకుని లోపలికొచ్చాడు. మెడకి మంగలి గుడ్డ అలాగే ఉంది. పొట్ట ఊగుతోంది. పరిగెడుతున్నాడా పడిపోతున్నాడా తెలియలేదు. జనంలో ఎవరో నవ్వారు, ఇంకొకరు నోరు మూయించారు. బంతికి అడ్డంగా వెళ్ళి, మోకాళ్ళ మీద కాదు, మొత్తం మనిషి దానిమీద పడ్డాడు.

బంతి కంచె కిందనుంచి బయటికి రాలేదు.

ఎవరిస్తో లేచాడు. పళ్ళల్లో గడ్డి. రెండు చేతులతో బంతిని పొట్టకి అదుముకుని మైదానమంతా అడ్డంగా నడిచి సెవెరీనో దగ్గరికొచ్చాడు. అంత నిశ్శబ్దంలో ప్రతి మాటా వినపడింది.

"ఆలస్యమైంది," అన్నాడు.

"అయింది," అన్నాడు సెవెరీనో.

"ఆ రోజు నా చేతినిండా నూనె ఉందిరా."

"తెలుసు. వెనక్కి తిరిగి చూశాను కదా."

"చూశావా? మరి చెప్పలేదేంరా ఇన్నేళ్ళూ?"

"నన్నెవరడిగారు?"

ఎవరిస్తో బంతి చాచాడు. సెవెరీనో బకెట్ కింద పెట్టి, సున్నం చేతులు చొక్కాకి తుడుచుకుని తీసుకున్నాడు. జారలేదు. పాతబంతి, కుట్లు ఊడి, ఎండలో పెట్టిన మామిడికాయలా వెచ్చగా ఉంది. జేబులో వేసుకున్నాడు. బకెట్ అందుకోబోయి, ఆగి, గీత దాటి లోపలికి నడిచాడు. విదాల్ వెనక నిలబడి ఏదో అన్నాడు. విదాల్ తలూపాడు. సెవెరీనో మళ్ళీ బయటికొచ్చాడు.

"ఆట!" అని అరిచాడు అంపైరు.

పాలోమావాడు కొట్టిన బంతి దుమ్ము లేపుతూ విదాల్ మీదికే వచ్చింది. విదాల్ ఎడమ మడమ కాస్త లేచింది. అందరూ చూశారు. మళ్ళీ నేలకి ఆనింది. వంగాడు. బంతి గ్లవ్‌లో పడ్డ చప్పుడు ట్రాక్టరు మీదివాడికి కూడా వినపడింది. మొదటి బేస్‌కి విసిరాడు. ఔట్.

పెద్దగా కేకలేం వెయ్యలేదు. అలిసిపోయి ఉన్నారు. కొంతమంది ఇంటికెళ్ళేముందు సెవెరీనో పక్కనుంచి వెళ్ళారు, ఏదో అందామని వచ్చి, అనకుండానే. ట్రాక్టరు వెళ్ళిపోయింది.

ఛాంపియన్లేం కాలేదు. మరుసటేడు మూడో స్థానం, ఆ పై ఏడు రెండు. ఇప్పుడు రుఫీనాతో ఆట ఉందంటే పాలోమావాళ్ళు ముందురోజు తాగడం మానేస్తున్నారు. తిబుర్సియో వేరే ఊరికి వెళ్ళిపోయాడు, మిగతా సగం గడ్డం గీయించుకుని. అతని చోట సెవెరీనో నిలబడుతున్నాడు. నేలమీద బంతులు కొడతాడు. మొదటి పాఠం రెండో బేస్‌వాడికి చెప్పడు, వెనకున్నవాడికి చెబుతాడు.

ఆట మర్నాడు, సోమవారం, ఊళ్ళో కాఫీ ఆలస్యమైంది. నాలుగు దాటినా ఎవరూ పొయ్యి మీద గిన్నె పెట్టలేదు. గుమ్మాల్లో కూర్చున్నవాళ్ళ ఎడమ కాళ్ళు వాటంతటవే కాస్త లేచి, కిందినుంచి ఏమీ వెళ్ళక, సిగ్గుపడి దిగాయి. నీదీ లేచింది, నేను చూశాను.

ఒక్కసారైనా పట్టుకోబోయింది సెవెరీనో ఒక్కడే. ఎవరిస్తోకి పంతొమ్మిదేళ్ళు పట్టింది, అయినా వచ్చాడు. నీ చేతికి నూనె లేదు, నీ పొట్ట అంత పెద్దదీ కాదు. రోజూ నీ కాళ్ళ ముందునుంచే వెళ్ళింది కదా ఆ బంతి. నువ్వెందుకు వంగలేదు?