పియానో వచ్చే చోటు

కుర్చీలేనాయన పోయాడు, లెక్కల మాస్టారు అలా అనలేదు, పేపరు మడిచి టీ గ్లాసు కింద పెడుతూ ఆయన అసలు పేరే చెప్పారు, మీకు ఇష్టమని ఎప్పుడో అన్నారు కదా టీచర్‌గారూ, ఆ పియానో వాయిస్తూ పాడే ఆయన, నిన్న పోయారట, నిద్రలోనేనట, అని, ఆ అసలు పేరు చెవిన పడి లోపలికి వెళ్ళి చిన్నప్పుడు మా ఇంట్లో మేం పెట్టుకున్న పేరుగా మారడానికి నాకు ఒక గుక్క టీ పట్టింది, ఆ గుక్క మింగుతుండగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తిరిగి ఆగలేదు, కారాయి, స్టాఫ్ రూములో, అందరి ముందు, దిద్దిన కాగితాల కట్ట మీద, ఏడుస్తున్నది నేనేనా, అక్క పోయిన రోజు ఒక్క చుక్క రాల్చని దాన్ని, వానలో వచ్చిన వాళ్ళ గొడుగులు తారుమారు కాకుండా చూస్తూ, మంచినీళ్ళు అందిస్తూ తిరిగిన దాన్ని, గుండె రాయి చేసుకుంది పాపం అని ఒకావిడ, అసలు ఉంటే కదా గుండె అని ఇంకొకావిడ నా వెనక అనుకుంటుంటే విని కూడా గ్లాసులు కడుక్కున్న దాన్ని, ఎన్నడూ చూడని, నా ఊసైనా తెలియని ఒక ముసలి పాటగాడి కోసం ఇప్పుడు ముక్కు చీదుకుంటున్నాను, ఇదేంటండీ బాబూ, అన్నారు డ్రిల్లు మాస్టారు, సొంత బావమరిది పోతేనే నేను ఇంత ఏడవలేదు, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది, అని, మీరు కాసేపు ఊరుకోండి సార్, అని లెక్కల మాస్టారు ఆయన్ని కసిరి, మూడో పీరియడ్ నేను చూసుకుంటాలెండి టీచర్‌గారూ, అన్నారు, వద్దండీ, పరీక్ష ఉంది, ప్రశ్నలు బోర్డు మీద రాయాలి, అన్నాను, గొంతు మామూలుగానే వచ్చింది, నా గొంతు ఎప్పుడూ మామూలుగానే వస్తుంది, అదే నా మీద అందరి ఫిర్యాదు.

ప్రశ్నలు రాశాను, సుద్దముక్క మధ్యలో విరిగింది, పిల్లలు తలలు వంచారు, గదిలో కలాల చప్పుడు మాత్రమే మిగిలింది, కిటికీ పక్క బల్ల మీద ఎండ, అచ్చం చిన్నప్పుడు మా ఇంటి మేడమెట్ల మీద పడినట్టే ఏటవాలుగా, మధ్యాహ్నం బడి వదలగానే అక్కా నేనూ ఆ మెట్ల మీదే, సంచులు కింద మెట్టు మీద పడేసి, మధ్యలో వాక్‌మన్, లారీ నడిపే మామయ్య తెచ్చాడు దాన్ని, ఎవరో బండిలో మర్చిపోయి మళ్ళీ అడగడానికి రాలేదట, లోపల ఈ పాటగాడి క్యాసెట్టు కూడా ఉంది, డబ్బా మీద బొమ్మ, నల్లటి పెద్ద పియానో, దాని మీదికి వంగి నిలబడి పిండి పిసుకుతున్నట్టు రెండు చేతులూ దించిన మనిషి, వెనక ఒక కుర్చీ వెల్లకిలా పడి ఉంది, అమ్మ ఆ బొమ్మ చూసి, అయ్యో, అంతసేపు నిలబడితే కాళ్ళు లాగవూ, ఎవరన్నా ఆ కుర్చీ లేపి వెయ్యకూడదూ ఆయనకి, అంది, అంతే, ఆ రోజు నుంచి ఆయన మా ఇంట్లో కుర్చీలేనాయన, ఆయన అసలు పేరు పలకడం మాకు రాదు కూడా, ఆయన పాడే భాష మాకు పాఠం అప్పజెప్పేంత వరకే వచ్చు, చెవిలో పెట్టుకునేవి రెండు, మేం ఇద్దరం, వైరు పొట్టి, అక్కకి పసితనంలో చీము పట్టి ఎడమ చెవి పోయింది, అందుకని కుడిది ఎప్పుడూ తనది, ఎడమది నాది, నా ఎడమ పక్కన తను, భుజాలు రాసుకుంటూ, ఎవరు కదిలినా ఒకరిది ఊడేది, ఊడితే తప్పు మాత్రం నాదే, మొదటి రోజే గొడవ, అబ్బ ఏం గొంతే ఆయనది, అంది అక్క, గొంతెక్కడ, ఇంకా పాడందే, అన్నాను, పాడుతుంటే వినపడట్లా, పాడట్లేదక్కా వాయిస్తున్నాడు, వాయించడం ఎక్కడుందే ఒట్టి గొంతే అయితేనూ, ఇంతకీ చెవిటిదాన్ని నేనా నువ్వా, అని, అలిగి అన్నాల దగ్గర కూడా మాట్లాడుకోలేదు, మామయ్య మళ్ళీ వచ్చినప్పుడు ఒకదాని తర్వాత ఒకటి చెవిలో పెట్టుకుని విని, పొట్ట పట్టుకుని నవ్వి, ఓసి పిచ్చి మొహాల్లారా, మనిషిని రెండు ముక్కలు చేసి పంచుకున్నారే, గొంతు దీనికి, చేతులు దానికి, అన్నాడు, ఆ రోజుల్లో కొన్ని పాటలు అలా నింపేవారట, గొంతు ఒక పక్కకి, వాద్యం ఇంకో పక్కకి, మార్చుకుని వినొచ్చు, మార్చుకోలేదు, అప్పటికే ఎవరి వాటా మీద వాళ్ళకి పట్టుదల వచ్చేసింది.

టీచర్, ఇంకో కాగితం, అని ఒక అమ్మాయి లేచింది, ఇచ్చాను, ఇది ఎప్పుడూ ఇంకో కాగితం అడుగుతుంది, రాసేది తక్కువ, కొట్టివేతలు ఎక్కువ, అక్క కూడా అంతే, చదువు మీద ధ్యాస లేదు కానీ మేం మళ్ళీ మళ్ళీ వినే ఆ పాటలో ప్రతి మాటా కంఠతా వచ్చు, అర్థం సగం తెలిసినా సరే, నాకు మాటలు రావు, వేళ్ళు వచ్చు, బ్యాటరీలు అయిపోయాక కొత్తవి కొనమని నాన్నని అడిగే ధైర్యం ఇద్దరికీ లేదు, అప్పుడు మేమే పాట అయిపోయేవాళ్ళం, తను పాడేది, పాడుతూ కుడి చెయ్యి నా ఒళ్ళో చాపేది, మోచేతి నుంచి మణికట్టు దాకా, ఇదిగో నీ పియానో, గట్టిగా కొట్టావంటే నీ వీపు విమానం మోత మోగుతుంది, అని, నేను దాని మీద వేళ్ళతో వాయించేదాన్ని, ఎడం వేళ్ళు మోచేతి దగ్గర లావు స్వరాలు, కుడి వేళ్ళు మణికట్టు దగ్గర సన్నవి, దీపం ఆర్పకు, దారిలో ఉన్నాను, అంటాడాయన ఒకచోట, అంటే అలాంటి అర్థమేదో, అక్కడ గొంతు ఆగుతుంది, అక్కడి నుంచి పియానో, నెమ్మదిగా మొదలై, ఆలోచించుకుంటూ మెట్లెక్కే మనిషిలా ఎక్కి, పైన కాసేపు నిలబడి, మళ్ళీ దిగి వచ్చేదాకా పియానోనే, ఆ తర్వాతే రెండో మాట, నా వేళ్ళు దిగి వచ్చేదాకా అక్క కదలకుండా ఉండేది, ఉప్పగా చెమట పట్టిన చెయ్యి, మీద సన్నటి నూగు, నేను వేళ్ళు తీయగానే సరిగ్గా ఆ క్షణానే అందుకునేది, ఒక్కసారి తప్పలేదు, ఎలా తెలిసేదో, పెద్దయ్యాక ఒకసారి ఇద్దరం గిన్నెల కొట్లో కుక్కర్ బేరమాడుతుంటే పైనున్న స్పీకర్లో అదే పాట వచ్చింది, గొంతూ చేతులూ కలిసి, మొత్తంగా, మేం బేరం ఆపి విన్నాం, బాగానే ఉంది, కానీ అందులో మాకు చెయ్యడానికి పని లేదు, ఇది మనది కాదులేవే, ఎవరో కుర్చీ ఉన్నాయనది, అంది అక్క, కొట్టువాడు మా నవ్వు చూసి ఏమనుకున్నాడో ఏమో, ధర తగ్గించాడు.

తర్వాత పెళ్ళిళ్ళు, తను యూనిఫారాలు కుట్టే కొట్టు పెట్టుకుంది, నేను బళ్ళో చేరాను, నా బడి పిల్లల చొక్కాలు తనే కుట్టేది, నీ పిల్లలు గుండీలు తింటారా ఏంటే, వారానికోసారి వస్తారు, అని వేళాకోళం, కలిసి నడిస్తే ఎప్పటిలాగే నా ఎడమ పక్కనే, ఆస్పత్రిలో కూడా మంచానికి అటువైపే కూర్చున్నాను, తన కుడిచెవి వైపు, ఆ చివరి మధ్యాహ్నం కూడా, ముక్కుకి గొట్టం, ఎడం చేతికి సూది, కుడి చెయ్యి ఖాళీగా ఉంది, నేను తెచ్చుకున్న పరీక్ష కాగితాలు దిద్దుకుంటున్నాను, ఖాళీగా కూర్చుంటే తనకి భయమేస్తుందని, అక్క ఉన్నట్టుండి సన్నగా పాడింది, కుర్చీలేనాయన పాటే, ఎన్నేళ్ళకో, దీపం ఆర్పకు దాకా, దారిలో ఉన్నాను దాకా, అక్కడ ఆగిపోయింది, చెయ్యి దుప్పటి మీద నా వైపు జారింది, కళ్ళు నా మీదే, ఊపిరి అందట్లేదనుకున్నాను, కలం పడేసి లేచి నర్సమ్మని కేకేశాను, ఆవిడ పరుగున వచ్చి గొట్టం చూసి, నాడి చూసి, బానే ఆడుతోందమ్మా ఊపిరి, ఎందుకంత కంగారు, అంది, మాట్లాడకే అక్కా, ముందు ఊపిరి తీసుకో, పాటలు తర్వాత పాడుకోవచ్చు, అన్నాను, చెయ్యి చల్లగా ఉందని దుప్పటి కిందికి పెట్టి చుట్టూ దోపాను, అక్క ఏదో అనబోయి, నవ్వి, కళ్ళు మూసుకుంది, తెల్లవారేసరికి లేదు, నేను చెయ్యగలిగింది చేశాను, కేకేశాను, చెయ్యి కప్పాను, ఇన్ని నెలలుగా నన్ను నిలబెట్టింది ఆ ఒక్క మాటే, ఎవరేమనుకున్నా నేను చూసుకున్నాను, కాగితాలు పక్కన పెట్టి లేచాను.

గంట కొట్టారు, కాగితాలు తీసుకున్నాను, పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ కుళాయిల దగ్గరికి పరిగెత్తారు, ఫోన్ మోగింది, అక్క కూతురు, పిన్నీ, వార్త చూశావా, మీ కుర్చీలేనాయన, అంది, చూశానమ్మా, అన్నాను, అమ్మ ఉంటే ఈపాటికి కొట్టుకి తాళం వేసేసి నీ దగ్గరికి వచ్చేసేది కదూ, అంది, వచ్చేది, వచ్చి నా చేతే టీ పెట్టించుకునేది, అన్నాను, అది నవ్వింది, నవ్వు చివర ముక్కు ఎగపీల్చింది, పిన్నీ, నేనా పాట ఇందాకే విన్నా, మొదటిసారి, మొత్తం, ఇన్నాళ్ళూ అమ్మ నోటి పాటే తప్ప నాకు తెలీదు, అమ్మ మిషను తొక్కుతూ పాడేది, దీపం ఆర్పకు, దారిలో ఉన్నాను, అని పాడి, ఆగిపోయేది, మిషను కూడా ఆపేసేది, చెయ్యి అలా బల్ల మీద చాపి ఊరికే కూర్చునేది, నేను చిన్నప్పుడు, మర్చిపోయావా అమ్మా, అని అడిగితే, మర్చిపోలేదే, ఇది మీ పిన్ని వంతు, అనేది, నాకు అర్థమయ్యేది కాదు, ఏదో వేళాకోళం అనుకున్నా, ఇందాక వింటే, ఆ ఆగిన చోటంతా పియానో పిన్నీ, అమ్మ ఎంతసేపు ఆగేదో సరిగ్గా అంతే ఉంది, నేను పక్కన అమ్మ లాగా పాడి చూశా, ఒక్క పిసరు తేడా లేదు, వింటున్నావా పిన్నీ, వింటున్నానమ్మా, అన్నాను, ఆదివారం అందరం అమ్మని తలుచుకుందాం అనుకున్నాం కదా, నేను మాటలు పాడతా, మధ్యలోది నాకు రాదు, అది నువ్వు, సరేనా, అంది, సరే, అన్నాను, గొంతు మామూలుగానే వచ్చిందో లేదో తెలియదు, పిన్నీ ఏడుస్తున్నావా, నువ్వేడవ్వు కదా, అంది, ఇప్పుడే నేర్చుకుంటున్నాలే, అన్నాను, అది ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు చెవికే ఉంచుకున్నాను, ఎడమ చెవికే.

ఖాళీ తరగతి గది, బోర్డు మీద నా ప్రశ్నలు, బల్లల మీద మర్చిపోయిన స్కేళ్ళు, నేను కుర్చీలో కూర్చున్నాను, నాకు కుర్చీ ఉంది, బల్ల ఉంది, బల్ల మీద పది వేళ్ళు ఉన్నాయి, నా చెవిలో పియానో మోగుతున్నంతసేపూ అక్క చెవిలో ఏముండేదో నేనెప్పుడూ అడగలేదు, ఏమీ ఉండేది కాదు, గొంతు ఆగిపోయాక ఆ పక్క ఏమీ లేదు, టేపు తిరిగే సన్నటి గరగర తప్ప, మెట్ల మీద కూర్చున్న ప్రతిసారీ అంత ఖాళీలో అక్క కదలకుండా, వైరు లాగకుండా, ముందుకి తిప్పకుండా, నా మొహం చూస్తూ, నా వేళ్ళు చూస్తూ కూర్చునేది, ఆ ఖాళీ పొడవు తనకి అలా తెలిసింది, నా వేళ్ళని చూసి, మిషను ముందు కూడా అదే ఖాళీ, నేను లేకపోయినా నా వంతు నాకు ఉంచింది, అంటే ఆ మధ్యాహ్నం ఊపిరి అందక ఆగలేదు, మర్చిపోయి ఆగలేదు, చెయ్యి చల్లబడి జారలేదు, నవ్వింది కదా, కోపమొస్తే అక్క నవ్వదు, దీనికి ఎప్పటికి తెలుస్తుందో అన్నట్టు నవ్వింది, నా చేత్తో నేనే దుప్పటి కప్పిన ఆ చెయ్యి నాకోసం చాపిన చెయ్యి, అక్క, దారిలో ఉన్నాను, అని పాడి, నాకోసం ఆగింది, ఆదివారం నేను వెళతాను, అక్క కూతురు పాడుతుంది, బల్ల మీదో దాని చేతి మీదో నేను వాయిస్తాను, బహుశా బాగానే వాయిస్తాను, వేళ్ళు మర్చిపోలేదు, ఇప్పుడు కూడా బల్ల అంచు మీద వాటంతట అవే సర్దుకున్నాయి, ఎడమవి మోచెయ్యి ఉండాల్సిన చోట, కుడివి మణికట్టు ఉండాల్సిన చోట, కింద ఒక చెయ్యి పట్టేంత చోటు వదిలి, కానీ అది ఆదివారం పాట, ఆ మధ్యాహ్నం అక్క ఆగిన చోట పియానో ఇంకా మొదలవలేదు.