లేచీ లేవని సభ్యుడు

గుడ్డు మరీ గట్టిగా ఉడికిందన్నాడు థర్కెల్. రోజూ ఉడికినంతే ఉడికిందంది భార్య డోర్కస్. ఈ ఇంట్లో తనను పట్టించుకునేవాళ్లే లేరని ఆయన చెంచా కింద పెట్టేశాడు.

కోపం గుడ్డు మీద కాదని డోర్కస్‌కు తెలుసు. స్ట్రాండ్ వీధిలో బొమ్మల అంగడి కిటికీకి నిన్న కొత్త వెక్కిరింపు అచ్చుబొమ్మ తగిలించారు. అందులో మంత్రిగారు తన పక్షం పార్లమెంటు సభ్యులందరినీ బాతుల్లా సంతకు తోలుకుపోతున్నారు. ఏ బాతు ఎవరో ముక్కును బట్టీ బొజ్జను బట్టీ తెలిసిపోతోంది. బాతులైనవాళ్లు పైకి మండిపడుతూనే తలా రెండు ప్రతులు కొనుక్కున్నారు. అదే పక్షం సభ్యుడైన థర్కెల్ మాత్రం బొమ్మలో లేడు. మంత్రిగారు పదవులు పంచుతున్న రోజులవి. జనం పోల్చుకోలేని మనిషికి పదవి ఎవరిస్తారు?

ఆ మధ్యాహ్నమే భార్యను వెంటబెట్టుకుని అంగడికి వెళ్లాడు. రాగిరేకుల మీద సూదితో బొమ్మలు గీసే కెటరిడ్జ్ ఆయన్ను వెలుతురుకేసి తిప్పి చాలాసేపు చూశాడు.

"ఏమీ అనుకోకండయ్యా. ముక్కు ముక్కులాగే ఉంది, గడ్డం గడ్డంలాగే ఉంది. వెక్కిరిద్దామంటే సూది మోపడానికి చోటు లేదు."

థర్కెల్ మొహం చిన్నబోయింది. డోర్కస్‌కు జాలేసింది. ఒకసారి సభలో చూపరులు కూర్చునే పై అంతస్తు నుంచి చూసిన సంగతి చెప్పింది. ఓటుకు పిలిచినప్పుడు బిల్లు కావాలనేవాళ్లు లేచి బయటికి నడుస్తారు, వద్దనేవాళ్లు కూర్చునే ఉంటారు. ఈయన సగం లేచి, ఎటు ఎక్కువమంది ఉన్నారో తేలేదాకా అలాగే ఆగిపోతారు.

"ఎంతసేపమ్మా?" అన్నాడు కెటరిడ్జ్, సూది అందుకుంటూ.

"మోకాళ్లు ఓర్చుకున్నంతసేపు."

వారం తిరక్కుండా బొమ్మ కిటికీకెక్కింది. మొహం ఉన్న చోట దాదాపు ఏమీ లేదు. పిరుదులు మాత్రం బల్లకు జానెడు ఎత్తున గాల్లో నిలిచి ఉన్నాయి. కోటు మడత సరిగ్గా పడిందనుకుంది డోర్కస్. చేపలమ్మేవాళ్లు, పల్లకీ మోసేవాళ్లు ఆయన కనిపిస్తే చాలు, బొమ్మలోలా మోకాళ్లు వంచి నిలబడేవారు. ఆయన టోపీ తీసి దండం పెట్టేవాడు. మంత్రిగారు పిలిపించి భుజం తట్టారు. కొవ్వొత్తుల మీద పన్ను పెంచే బిల్లు గురువారం ఓటుకొస్తుంది, అందరితో పాటు లేచి బయటికి వస్తే చాలు, స్టాంపుల కార్యాలయంలో పదవి ఆయనదేనన్నారు.

బుధవారం రాత్రి భోజనాల దగ్గర థర్కెల్ మాంసం ముట్టలేదు. రేపు ఊరంతా సభకు వస్తోందట, పన్ను కోసం కాదట, తనను చూడ్డానికట.

"అయితే ఏమైందిరా," అంది ఆయన ముసలి తల్లి. "చటుక్కున లేచి వెళ్లిపో."

"ఎంత చటుక్కున లేచినా సగం దాటే కదమ్మా లేవాలి. నవ్వేది అక్కడే."

మరి పదవి సంగతేమిటని అడిగింది తల్లి. డోర్కస్ తల వంచుకుని రొట్టె కోస్తోంది.

థర్కెల్ చేతిగుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

"పదవి పోతే పోయింది. రేపు నేను లేవడం లేదు."