పై వరసలో చివరి గుండీ

ఆ ఇంట్లో పెద్దదాని పేరెత్తకూడదు. ఎత్తితే సోఫాల మేస్త్రి కంచం ముందు నుంచి లేచిపోతాడు. ఇంతకీ ఆ పిల్ల చేసిన ఘోరం ఏమిటయ్యా అంటే, నాన్న కొట్టు వదిలి, రోడ్డుకు అటు చివర కొత్తగా పెట్టిన సోఫాల ఫ్యాక్టరీలో పనికి చేరింది. అంతే. దొంగతనం చేయలేదు, ఎవరి కొంపా ముంచలేదు. అయినా మేస్త్రి దాన్ని గడప తొక్కొద్దన్నాడు. ఏడాదిగా ఆయనకు ఒక్కతే కూతురు. హాల్లో పెద్దదాని ఫోటోలన్నీ తీసేశాడు. ఆఖరికి అక్కాచెల్లెళ్లు పడుకునే గదిలో, మంచానికి పైనున్న ఇద్దరి ఫోటో కూడా తీసి బీరువా మీదికి విసిరేశాడు. మేకు మాత్రం గోడకు మిగిలింది.

చిన్నది పొద్దున్నే కళ్లు తెరిస్తే ఆ మేకే కనిపించేది. చూసీ చూసీ దానికి ఒళ్లు మండిపోయింది. ఫోటో తీసేస్తే అక్క అక్క కాకుండా పోతుందా?

"నా గదిలో బోర్డు పెట్టుకుంటా. దాని మీద నా ఇష్టం వచ్చినవన్నీ పెట్టుకుంటా" అని వంటింట్లోకి వెళ్లి మరీ చెప్పింది.

"మీ నాన్న చూస్తే?" అంది అమ్మ గిన్నె తోముతూ.

"చూడనీ. చూడ్డానికేగా పెట్టేది!"

"అంతా మీ నాన్న పోలికే తల్లీ. మీ ఇద్దరి మధ్యా నలిగి చచ్చేది నేను."

కొట్టు వెనక పారేసిన ప్లైవుడ్ ముక్క ఒకటి తెచ్చింది చిన్నది. మామూలు మనుషులైతే దాని మీద పల్చటి స్పాంజి వేసి గుడ్డ చుడతారు. ఇది సోఫాల ఇంట్లో పుట్టిన పిల్లాయె, చెయ్యి ఊరుకుంటుందా? రెండంగుళాల ఫోమ్ పరిచేసింది. పైన మీగడ రంగు గుడ్డ లాగి బిగించి, మేకుకు తగిలించింది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. తీరా గుండుసూది గుచ్చితే తలతో సహా లోపలికి మాయం! పట్టు దొరికితేగా. స్నేహితురాలి ఉత్తరం, రంగు కాగితపు పువ్వులు, బీరువా మీద నుంచి దింపుకున్న ఫోటో, అన్నీ ఒక్కొక్కటే మంచం మీద రాలాయి.

అమ్మ గుమ్మంలో నిలబడి నవ్వాపుకోలేకపోయింది. "గోడకి సోఫా తగిలించావేంటే! బల్లి గానీ కూర్చుంటుందా?"

చిన్నదానికి ఏడుపొచ్చినంత పనైంది. ఏడిస్తే నాన్న గెలిచినట్టే. బోర్డు చంకన పెట్టుకుని, ఫోటో సంచిలో వేసుకుని, నేరుగా ఫ్యాక్టరీకి నడిచింది.

అక్క భోజన విరామంలో గేటు దగ్గరికొచ్చి, బోర్డు చూసి పగలబడి నవ్వింది. తర్వాత ఫోమ్ నొక్కి చూసింది. "దీనికి సూదులెందుకే? రిబ్బన్లు ఐమూలగా లాగు. అవి కలిసిన చోటల్లా గుండీ పెట్టి, వెనక ముడి బిగించు" అంది. చెక్కకు తొమ్మిది బెజ్జాలు వేయించి, మొదటి గుండీ తనే కట్టి చూపించింది. రెండోది చెల్లెలి చేతికిచ్చింది.

"వదులైతే కోసి మళ్లీ కట్టు. గట్టి ముడి మీద మాత్రం ఎప్పుడూ కత్తెర పెట్టకు. నాన్న మాట అది" అంది.

మిగతా కాగితాలు రిబ్బన్ల కింద దూర్చుకోవచ్చు, తీసుకోవచ్చు. ఫోటోను మాత్రం చిన్నది ముందే పెట్టి, నాలుగు మూలల మీదా నాలుగు గుండీలు దిగలాగి బిగించింది. ఇంటికొచ్చి బోర్డు మేకుకు తగిలించింది.

ఆదివారం మధ్యాహ్నం మేస్త్రి కళ్లజోడు వెతుక్కుంటూ ఆ గదిలోకి వచ్చి ఆగిపోయాడు.

"ఆ ఫోటో ఎవరు పెట్టమన్నారు?"

"నా బోర్డు. నేనే పెట్టాను."

"తీసెయ్."

"తీయను." కత్తెర తీసి నాన్న ముందుకు చాపింది. "లాగితే చిరిగిపోతుంది, దారాలు కోయాలి. నేను కోయను. ఇదిగో కత్తెర. నీకు చేతనైతే నువ్వే కొయ్యి."

అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. మేస్త్రి కత్తెర లాక్కుని, బోర్డు దింపి, మంచం మీద బోర్లా పడేశాడు. వెనక తొమ్మిది ముడులు. వంగి చూశాడు. కత్తెర ఆగింది.

"ఈ ముడి నీకెవరు నేర్పారు?"

"అక్క." ఏడాది తర్వాత ఆ ఇంట్లో ఆ మాట పైకి వినపడింది. "నువ్వు నాకెప్పుడైనా నేర్పావా? మొదటిది అక్క కట్టింది. మిగతావి నావి. వదులుగా ఉంటే కోసెయ్ నాన్నా. గట్టిగా ఉంటే ముట్టుకోకూడదు. నీ మాటే!"

మేస్త్రి గోరుతో ఒక్కో ముడినీ గీరి చూశాడు. దారం కింద వేలు దూర్చబోయాడు. సందు దొరకలేదు. తొమ్మిదీ చూశాడు. మొదటి ముడి దగ్గరికి మళ్లీ వచ్చాడు.

"అక్కడ కూడా... ఇలాగే కడుతున్నారా?"

"అక్క పదిమందికి నేర్పింది. ఆ ముడికి అక్కడ పేరు కూడా ఉంది."

"ఏం పేరు?"

"నాన్న ముడి."

మేస్త్రి కత్తెర మూసి మంచం మీద పెట్టాడు. బోర్డు తనే ఎత్తి మేకుకు తగిలించి, ఓ అడుగు వెనక్కేసి చూసి, కుడివైపు కొంచెం పైకి జరిపాడు. ఎవరి మొహమూ చూడకుండా బయటికి నడిచాడు.

చిన్నదాని పొగరు ఇంకా దిగలేదు. "వచ్చే ఆదివారం అక్కను తీసుకొస్తున్నా! చెప్పలేదనకు!" అని వెనక నుంచి అరిచింది.

హాల్లో అడుగులు ఆగాయి.

"పై వరసలో చివరి గుండీ వదులుగా ఉంది. దాన్నొచ్చి బిగించమను" అన్నాడు మేస్త్రి.

చిన్నది మంచమెక్కి ఆ గుండీని పట్టుకుని గట్టిగా లాగింది. అది ఇసుమంత కూడా కదల్లేదు.